రాయలసీమకు రెండు గడపలు: రాయపురం, కాచిగూడ

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలోని తండయారువీడు నుంచి కాశీకి బయలుదేరాడు. పల్లకీలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. తిరుపతి, కడప దాటి శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా సాగిన ఆ ప్రయాణం తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆయన 1836లో పోయాడు. మరో ఇరవై ఏళ్లకు ఆయన ఇంటికి దగ్గర్లోనే, రాయపురంలో, దక్షిణ భారతదేశపు మొదటి రైల్వే స్టేషన్ లేచింది. ఆయన బస చేసి, చూసి, వర్ణించిన హైదరాబాదులో మూసీకి ఈవల 1916లో కాచిగూడ స్టేషన్ వెలసింది. వీరాస్వామయ్య సాగిన దారిలోనే ఉన్న ఈ రెండు స్టేషన్లనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

కాచిగూడను మన పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. తిరుపతి నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి తెల్లవారుజామున ఆ తెల్ల గుమ్మటాల కింద దిగినవాళ్లు, కర్నూలు నుంచి హంద్రీ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వచ్చి పని చూసుకుని వెళ్లేవాళ్లు, మలక్‌పేట నుంచి సికింద్రాబాదుకు ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో పోయే ఉద్యోగులు, అందరికీ అది ఇంటి గుమ్మమంత తెలుసు. రాయపురం సంగతి వేరు. చెన్నైకి నెలకోసారి పోయే తెలుగువాళ్లలో కూడా దాన్ని చూసినవాళ్లు తక్కువ. సెంట్రల్‌లో దిగి అటునుంచి అటే వెళ్లిపోతాం. అందుకని దాని కథ కొంచెం ముందు నుంచి చెప్పాలి.

బొంబాయి–ఠాణా రైలు 1853లో, హౌరా–హుగ్లీ రైలు 1854లో నడిచాయి. మూడోది మద్రాసు వంతు. 1856 జూన్ 28న గవర్నర్ లార్డ్ హారిస్ రాయపురం స్టేషన్‌ను ప్రారంభించాడు. జులై 1 నుంచి వాలాజా రోడ్డు దాకా, అంటే దాదాపు నూరు కిలోమీటర్లు, జనం రైలెక్కి పోసాగారు. ముందు నడిచిన ఆ రెండు రైళ్ల తొలి స్టేషన్ కట్టడాలు ఇప్పుడు లేవు. బోరీబందర్‌లో తర్వాత విక్టోరియా టెర్మినస్ లేచింది, హౌరాలో కొత్త స్టేషన్ వచ్చింది. అందువల్ల దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న స్టేషన్ కట్టడాల్లో పాతది రాయపురమే. ఇంత పెద్ద గౌరవం ఉన్న స్టేషన్‌లో ఈనాడు ఆగేవి లోకల్ రైళ్లు. చెన్నై బీచ్‌లో ఎక్కితే మొదటి స్టాపు అది.

అటు రాయపురం ఒక కంపెనీ మొదలుపెట్టిన రైలుదారికి పుట్టుచోటు. ఇటు కాచిగూడ, అప్పటికే నలభై ఏళ్లుగా రైలు నడుస్తున్న రాజ్యంలో ఆలస్యంగా వచ్చిన స్టేషన్. వాడి–సికింద్రాబాద్ లైను 1874లోనే తెరుచుకుంది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. గోదావరి లోయ వైపు, మన్మాడ్ దాకా మీటర్‌గేజి లైను అప్పటికే ఉంది. మహబూబ్‌నగర్ వైపు మీటర్‌గేజి వేసే రోజుల్లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, కాచిగూడ స్టేషన్ తయారైంది. నిజాం రైల్వే కార్యాలయాలకు అది నెలవయింది. అలాగే రాయపురం కూడా మొదట మద్రాస్ రైల్వేకి, 1908 తర్వాత మద్రాస్ అండ్ సదరన్ మహరాటా రైల్వేకి కార్యస్థానంగా ఉండేది. 1922లో సెంట్రల్ పక్కన కొత్త కార్యాలయ భవనం వచ్చేదాకా ఆ హోదా సాగింది. ఒక రైల్వే మొత్తానికి పెద్దరికం వహించి, తర్వాత ఆ పెద్దరికాన్ని వేరొకచోటికి అప్పగించిన స్టేషన్లు ఇవి రెండూ.

రెండింటినీ ఊరికి బయటే కట్టారు. రాయపురం ఆనాటి బ్లాక్‌టౌన్, నేటి జార్జ్‌టౌన్, ఉత్తరపు గోడ అవతల ఉంది. సముద్రం చేరువ, బెస్తల పేటల నడుమ. కాచిగూడ కూడా కోటగోడల పాతబస్తీకి మూసీ అవతలి ఒడ్డున, చాదర్‌ఘాట్ దాటాక వస్తుంది. అయితే ఊరు పెరిగిన తీరు రెండుచోట్లా ఒకటి కాదు. మద్రాసు దక్షిణానికి, పడమరకు పాకింది. ఉత్తరాన హార్బరు, గోదాములు, మిల్లులు, కార్మికుల ఇళ్లు నిండాయి. హైదరాబాదు మాత్రం కాచిగూడ చుట్టూ కమ్ముకుంది. బర్కత్‌పురా, నారాయణగూడ, నల్లకుంట, విద్యానగర్ పెరిగి పెరిగి ఊరి అంచున ఉన్న స్టేషన్‌ను నడిబొడ్డుకు తెచ్చాయి. కట్టినవాళ్ల తెలివి వల్లనో తెలివితక్కువ వల్లనో ఇది జరగలేదు. ఊరు ఎటు పెరుగుతుందో 1856లో హారిస్‌కు తెలియదు, 1916లో నిజాముకూ తెలియదు. స్టేషన్ల భవిష్యత్తు మాత్రం అక్కడే తేలిపోయింది.

డబ్బు సంగతికి వస్తే ఈ రెండు రైల్వేలూ దాయాదులే. రెండింటి వెనకా లండన్ వాటాదారులున్నారు. రైలుకు లాభం వచ్చినా రాకున్నా వాళ్ల పెట్టుబడికి దాదాపు అయిదు శాతం వడ్డీ పూచీ ఉండేది. మద్రాసులో ఆ పూచీ పడింది ఈస్టిండియా కంపెనీ సర్కారు, అంటే చివరికి రైతు కట్టే శిస్తు. హైదరాబాదులో పూచీ పడింది నిజాం ఖజానా, అంటే అక్కడా రైతే. రెండుచోట్లా దీన్ని ప్రశ్నించిన గొంతులు లేచాయి, ఆ రెండు గొంతులూ మనకు తెలిసినవే. మద్రాసు వైపు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఈ ఇంజనీరుకు రైలు కొత్త కాదు. 1830ల్లోనే రెడ్‌హిల్స్ నుంచి రాయి మోసుకొచ్చే చిన్న రైలుదారి ఆయన చేతిమీదుగా నడిచింది. అయినా రైళ్ల మీద కుమ్మరించే సొమ్ము కాలువల మీద పెడితే అటు పంట, ఇటు పడవ ప్రయాణం రెండూ దక్కుతాయని జీవితాంతం వాదించాడు. హైదరాబాదు వైపు అఘోరనాథ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి. 1883లో నిజాం రైల్వే పుట్టుకకు మూలమైన చాందా రైల్వే ఒప్పందం షరతులు జనానికి చెప్పి చర్చించాలని ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివాళ్లతో కలిసి గట్టిగా అడిగాడు. దానికి ఫలితంగా ఆయన్ను రాజ్యం నుంచి పంపేశారు. తర్వాత మళ్లీ రానిచ్చారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కాటన్ వాదించింది ఏది కట్టాలన్న దాని గురించి. అఘోరనాథుడు అడిగింది ఎవరితో చెప్పి కట్టారన్నది. మొదటిది ఇంజనీరు ప్రశ్న, రెండోది పౌరుడి ప్రశ్న. కాటన్ విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. మన రైల్వే చరిత్రలో మొదటి ప్రజా ఉద్యమమని చెప్పదగిన చాందా రైల్వే ఆందోళన గురించి మాత్రం కాచిగూడ గోడల మీద రెండు వాక్యాలైనా రాసి పెడితే బాగుంటుంది. ఆ గోడలు లేచింది ఆ ఒప్పందంతో పుట్టిన రైల్వే పేరు మీదే.

కట్టడాలుగా చూస్తే రాయపురం తెరిచిన ముఖం. ఎర్రని గోడలు, ముందు బారులు తీరిన తెల్లని పెద్ద స్తంభాలు. యూరపు పాత దేవాలయాల, సభాభవనాల పద్ధతిలో కట్టారు. దూరం నుంచి చూస్తే రైల్వే స్టేషన్ అనిపించదు, ఏ టౌన్‌హాలో అనుకుంటాం. కాచిగూడ తీరు వేరు. దాన్ని గీసిన విన్సెంట్ ఎష్ మన హైకోర్టునూ ఉస్మానియా ఆసుపత్రినీ సిటీ కాలేజీనీ కూడా గీసిన వాస్తుశిల్పి. మధ్యన పెద్ద గుమ్మటం, పక్కల చిన్నవి, మినార్లు, కమానులు. పాశ్చాత్యుడే అయినా దక్కను మాట నేర్చుకుని గీశాడనిపిస్తుంది. రాయపురం స్తంభాలు మద్రాసు ఎండలో పరాయి దేశాన్ని గుర్తు చేస్తాయి. కాచిగూడ గుమ్మటాలు చార్మినారు ఊరికి చుట్టంలా కనిపిస్తాయి. అంతమాత్రాన కాచిగూడ గొప్పది, రాయపురం తక్కువది అనను. రాయపురం వరండాలో ఎత్తుకు తగ్గ నీడ ఉంది, సముద్రపు గాలి అడ్డు లేకుండా లోపలికి వస్తుంది. వాతావరణాన్ని అర్థం చేసుకున్న కట్టడం అది. కాచిగూడలో అలంకారం ఎక్కువ, కానీ ఆ అలంకారం చాటున ఒక ఏర్పాటు ఉంది. జనానా స్త్రీలు పరాయివాళ్ల కంటపడకుండా రైలెక్కి దిగేందుకు పరదా వసతి కల్పించారు. అలాగే కంపెనీ రైల్వేలోనూ విభజన ఉండేది, కాకపోతే అది తరగతులది, దొరలకూ నేటివులకూ మధ్యది. ఒకచోట ఆచారాన్ని బట్టి గోడ, ఒకచోట రంగునూ డబ్బునూ బట్టి గోడ. ఈనాడు రెండుచోట్లా ఆ గోడలు లేవు. లోకల్ రైల్లో మహిళల పెట్టె మాత్రం ఉంది. అది ఆడవాళ్లు తమ భద్రత కోసం అడిగి నిలుపుకున్న చోటు.

రాయపురం పెద్దరికం ఎక్కువ కాలం నిలవలేదు. 1873లో పార్క్‌టౌన్ వైపు సెంట్రల్ స్టేషన్ వచ్చింది. 1907 నాటికి దూరపు రైళ్లకు అదే ప్రధానమైంది. పెరుగుతున్న హార్బరు సరుకుకు రాయపురం యార్డు పనికొచ్చింది. మనుషులు దిగిన చోట మూటలు దిగసాగాయి. కాచిగూడకు మాత్రం ఇందుకు తలకిందులుగా జరిగింది. మీటర్‌గేజి స్టేషన్ కావడం వల్ల చాలాకాలం అది సికింద్రాబాదు, నాంపల్లుల తర్వాతి వరసలోనే ఉండేది. 1990ల్లో మహబూబ్‌నగర్ లైను బ్రాడ్‌గేజి అయ్యాక దాని జాతకం మారిపోయింది. సికింద్రాబాదులో చోటు చాలక మిగిలిన రైళ్లకూ దక్షిణానికి పోయే రైళ్లకూ అదే ఆశ్రయమైంది. 2023 సెప్టెంబరులో బెంగళూరు యశ్వంతపూర్‌కు వందేభారత్ కూడా కాచిగూడ నుంచే మొదలైంది.

నేను ఈ రెండింటినీ కలిపి చూడడానికి అసలు కారణం ఇక్కడుంది. మద్రాస్ రైల్వే వాయవ్యపు లైను అరక్కోణం, రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు చేరింది. సెంట్రల్ ఇంకా లేదు. ఆ రోజుల్లో కడప మనిషి కోర్టు పనికో వ్యాపారానికో చెన్నపట్నం పోతే దిగే కొస రాయపురమే. దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమకు, పట్నపు గుమ్మం అది. నూటయాభై ఏళ్ల తర్వాత ఆ జిల్లాల మనిషికి పట్నం హైదరాబాదయింది, గుమ్మం కాచిగూడ అయింది. కర్నూలు, డోన్, అనంతపురం, తిరుపతి నుంచి వచ్చే రైళ్లు చాలావరకు ఆ దారినే వస్తాయి. 1953లో మద్రాసు నుంచి విడిపోయి, 1956లో హైదరాబాదుతో కలిసి, 2014లో మళ్లీ విడివడిన రాజకీయం పుస్తకాల్లో ఉంది. రాయలసీమ ఇళ్లల్లో అది తాత ఏ స్టేషన్‌లో దిగేవాడు, మనవడు ఏ స్టేషన్‌లో దిగుతున్నాడన్న మాటల్లో వినిపిస్తుంది. రాష్ట్రం విడిపోయినా కాచిగూడలో దిగే సీమ జనం తగ్గలేదు. అలాగే చెన్నై సబర్బన్ ఉత్తరపు లైను ఇప్పటికీ రాష్ట్రం సరిహద్దు దాటి గుమ్మిడిపూండి మీదుగా మన సూళ్లూరుపేట దాకా వస్తుంది. తడ, సూళ్లూరుపేట జనానికి చెన్నై ఇంకా లోకల్ టికెట్టు దూరమే.

లోకల్ రైళ్ల విషయంలో చెన్నై మనకంటే చాలా ముందుంది. బీచ్–తాంబరం మధ్య 1931లోనే కరెంటు రైళ్లు నడిచాయి. అది మీటర్‌గేజి లైను. విచిత్రమేమంటే అక్కడ మీటర్‌గేజికి దక్కిన ఆ సౌకర్యం బ్రాడ్‌గేజి మీదున్న రాయపురానికి దశాబ్దాల తర్వాతే వచ్చింది. హైదరాబాదులో ఇది తిరగబడింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు నాంపల్లి, లింగంపల్లి లైన్లది ముందువరస. సికింద్రాబాదు నుంచి కాచిగూడ మీదుగా ఫలక్‌నుమాకు పోయే పాత మీటర్‌గేజి దారికి మరుసటి ఏడాది వంతు వచ్చింది. ఎటు చూసినా ఉత్తర మద్రాసు, పాతబస్తీ రెండూ వరసలో వెనకే నిలబడ్డాయి. పేదవాళ్లు ఎక్కువగా ఉండే పేటలకు రైలు ఆలస్యంగా వస్తుందన్నది ఈ రెండు ఊళ్ల చరిత్రా చెబుతున్న మాట. మెట్రో కూడా ఈ రెండు స్టేషన్ల గుమ్మం ముందుకు రాలేదు.

ఆ ఫలక్‌నుమా లైను నాకు చాలా ఇష్టం. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ. చదువుకునే పిల్లలూ గాజుల పనివాళ్లూ కోర్టు గుమాస్తాలూ ఆసుపత్రికి పోయే ముసలివాళ్లూ ఒకే పెట్టెలో నిలబడి పోతారు. కాచిగూడ దాటగానే రైలు మూసీ మీదుగా పోతుంది, కిటికీ పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు, మలక్‌పేట రాగానే మళ్లీ కబుర్లు మొదలవుతాయి. అలాగే బీచ్ నుంచి బయలుదేరిన లోకల్ రాయపురంలో ఆగితే హార్బరు కూలీలు, స్టాన్లీ ఆసుపత్రికి వచ్చిన కుటుంబాలు, కాసిమేడు చేపల తట్టలతో ఆడవాళ్లు కనిపిస్తారు. ఐస్ కరిగిన నీళ్లు ప్లాట్‌ఫారం మీద చారలు కడతాయి. బుట్టలు మోసేవాళ్లకు చెన్నై లోకళ్లలో విడిగా పెట్టె ఉంది. ఇది మన ఎంఎంటీఎస్ నేర్చుకోవాల్సిన మర్యాద.

సేవ దగ్గరికి వచ్చేసరికి నిజం మాట్లాడుకోవాలి. చెన్నైలో ముఖ్యమైన సబర్బన్ లైన్లలో లోకళ్లకు చాలాచోట్ల సొంత పట్టాలున్నాయి. మనకు లేవు. ఎంఎంటీఎస్ దూరపు రైళ్లతో ఒకే పట్టా పంచుకుంటుంది. కాచిగూడ బయట సిగ్నల్ దగ్గర లోకల్ నిలబడి ఉంటే, ఎక్స్‌ప్రెస్ దర్జాగా లోపలికి పోతుంది. ఆఫీసుకు పోయేవాడు రెండుమూడుసార్లు ఆలస్యమైతే నాలుగోసారి బస్సో బండో చూసుకుంటాడు. జనం తగ్గారని సర్వీసులు తగ్గించడం, సర్వీసులు తగ్గాయని జనం ఇంకా తగ్గడం, ఇది ఎంఎంటీఎస్‌ను చాలాకాలంగా పీడిస్తున్న జబ్బు. ఒకే పట్టా మీద అన్నిరకాల రైళ్లూ నడిపే బరువు ఎంతటిదో 2019 నవంబరు 11న కాచిగూడలోనే చూశాం. స్టేషన్‌లో ఎంఎంటీఎస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. లోకల్ నడుపుతున్న లోకోపైలట్ గంటల తరబడి క్యాబిన్‌లో ఇరుక్కుపోయాడు, కొద్దిరోజులకు ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. ఆ మనిషిని ఈ స్టేషన్ మరచిపోకూడదు.

నిజాం రైల్వే ఒకప్పుడు ఈ విషయంలో ఎంత ముందుచూపుతో ఉందో చూడండి. 1930లో రాజ్యం రైల్వేను సొంతం చేసుకుంది. 1932లో ఆ రైల్వేనే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. రైలూ బస్సూ ఒకే ఇంటి బిడ్డలుగా పుట్టిన ఊరు హైదరాబాదు. ఇప్పుడు కాచిగూడలో ఎంఎంటీఎస్ దిగినవాడికి వేళకు అందే బస్సు దొరకాలంటే అదృష్టం ఉండాలి. చెన్నైలో 2025లో బస్సుకూ మెట్రోకూ సబర్బన్ రైలుకూ కలిపి చెన్నై వన్ యాప్‌లో ఒకే టికెట్టు తెచ్చారు. తొంభై ఏళ్ల కింద మనం వేసిన ఆ బాటలో నడవడానికి మనకేమిటి అడ్డు?

పాత కట్టడం కాపాడుకోవడంలో రెండు ఊళ్లదీ చెరో పద్ధతి. రాయపురం చాలాకాలం పాడుపడి, 2005లో మరమ్మతు జరిగి మళ్లీ వెలుగు చూసింది. దాన్ని టెర్మినల్ చేయాలని ఉత్తర చెన్నై జనం ఏళ్లుగా అడుగుతున్నారు. మూడో టెర్మినల్ మాత్రం తాంబరానికి దక్కింది. కాచిగూడ గుమ్మటాలకు సున్నం, దీపాలు, ముందు తోట, పాత బోగీల్లో హోటలు, అన్నీ అమరాయి. రాయపురం కట్టడం బతికింది, పని తగ్గింది. కాచిగూడకు పని పెరిగింది, ఆ పని ఒత్తిడికి కట్టడం చుట్టూ ఊపిరాడటం లేదు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ వచ్చాక కొన్ని దూరపు రైళ్లు అటు మళ్లుతున్నాయి. కాచిగూడ రేపు రాయపురం అవుతుందా అని దిగులు పడేవాళ్లున్నారు. నాకు ఆ దిగులు లేదు. దూరపు రైళ్లు కొన్ని తగ్గితే ఆ పట్టాల మీద లోకళ్లకు చోటు దొరుకుతుంది. రాయపురం విషయంలో జరిగిన పొరపాటు దూరపు రైళ్లు పోవడం కాదు. వాటి స్థానంలో దగ్గరి రైళ్లను వెంటనే, చాలినన్ని నడపకపోవడం. ఆ పొరపాటు కాచిగూడలో జరగకుండా చూసుకునే అవకాశం దక్షిణ మధ్య రైల్వేకూ తెలంగాణ ప్రభుత్వానికీ ఇప్పుడే ఉంది.

రెండో దశ ఎంఎంటీఎస్ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. డబ్బు ఇద్దరిదీ కనక బాధ్యతా ఇద్దరిదే. ఫలక్‌నుమా లైనులో ఉదయం, సాయంత్రం రైలు రైలుకూ మధ్య పావుగంట మించకూడదు. ఆ రైలు వచ్చే వేళకు కాచిగూడ గేటు దగ్గర సిటీబస్సు ఉండాలి. పాఠకులు ఈసారి చెన్నై వెళితే సెంట్రల్‌తో సరిపెట్టుకోకుండా బీచ్ స్టేషన్‌కు పోయి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కండి. మొదటి స్టాపులో దిగి ఆ తెల్ల స్తంభాల దాకా నడవండి. హైదరాబాదులో ఉండేవాళ్లు వారానికి ఒక్కరోజైనా కారు ఇంట్లో వదిలి కాచిగూడకు ఎంఎంటీఎస్‌లో వెళ్లండి. రైలు నడపమని అడిగే హక్కు రైలెక్కేవాళ్లకే బలంగా ఉంటుంది.